చేపకంటె ముందు సూక్ష్మజీవి: గృహ అక్వేరియంలో నత్రజని పాఠం, విస్తరణ బాధ్యత

వరి మాగాణిలో నత్రజని వృథాను అరికట్టడానికి వ్యవసాయ శాస్త్రం దశాబ్దాలుగా శ్రమిస్తున్నది. యూరియాకు వేపపూత పూయడం, యూరియా గుళికలను బురదలో లోపలి పొరకు చేర్చడం వంటి సిఫారసుల వెనుక ఉన్న ముఖ్యోద్దేశం అమ్మోనియం నైట్రేట్‌గా మారే వేగాన్ని తగ్గించడమే. నీరు నిలిచిన పొలంలో పైపొరలో పుట్టిన నైట్రేట్ ప్రాణవాయువు లేని కింది పొరకు చేరి, వాయురూపంలో గాలిలో కలిసిపోతుంది. రైతు పెట్టుబడి దానితోపాటే పోతుంది. అందువల్ల నత్రీకరణ సూక్ష్మజీవుల పనిని నిదానింపజేయడం సస్యశాస్త్రవేత్తకు అలవాటైన విద్య.

సికింద్రాబాదులోని ఒక గృహంలో కొత్తగా అమర్చిన గాజుతొట్టి విషయంలో ఇదే విద్యను తలకిందులుగా వాడవలసి వస్తుంది. అక్కడ ఆ సూక్ష్మజీవుల రాక కోసం ఎదురుచూడాలి, వాటిని పోషించాలి, వాటి సంఖ్య చాలినంత పెరిగిన తరువాతనే చేపను నీటిలో విడవాలి. పొలంలో నష్టంగా లెక్కించే రసాయనచర్యే తొట్టిలో ప్రాణాధారం. ఈ సంగతి క్షుణ్ణంగా తెలిసినవారు వ్యవసాయ విశ్వవిద్యాలయాలలో ఉన్నారు. తెలియవలసినవారు అక్వేరియం దుకాణాల ముందు నిలబడి ఉన్నారు. ఈ రెండు వర్గాల మధ్య దూరాన్ని తగ్గించడం విస్తరణ శాస్త్రవేత్తల కర్తవ్యాలలో ఒకటి కావాలన్నదే ఈ వ్యాసపు ప్రతిపాదన.

జంటనగరాలలో తొట్టి, గులకరాళ్లు, గాలిపంపు, చేపలు ఒకే సాయంత్రం కొని ఇంటికి తీసుకుపోవడం పరిపాటి. మొదటి రెండు మూడు రోజులు నీరు తేటగా, చేపలు చురుకుగా కనిపిస్తాయి. వారం గడిచేసరికి చేపలు ఉపరితలానికి వచ్చి నోరు తెరుస్తాయి; రెండు మూడు వారాలలో ఒక్కొక్కటిగా చనిపోతాయి. కుటుంబం దానిని నీటి దోషమనో, చేపల దోషమనో, తమ చేతి దోషమనో అనుకుంటుంది. ఆపైన తొట్టిని ‘శుభ్రం చేస్తుంద’న్న మాటతో ఒక సక్కర్ చేప ఆ నీటిలోకి చేరుతుంది. ఇక్కడ దొర్లిన పొరపాట్లు రెండు. మొదటిది నత్రజని చక్రం ఏర్పడకముందే చేపను దించడం. రెండవది చేపను పారిశుధ్య పరికరంగా భావించడం.

తొట్టిలో జరిగే మార్పు

చేప తన దేహంలోని నత్రజని వ్యర్థాన్ని ప్రధానంగా మొప్పల ద్వారా అమ్మోనియాగా విడుస్తుంది. తినక మిగిలిన మేత, మలం, కుళ్లిన ఆకులు కూడా అమ్మోనియానే ఇస్తాయి. ఒక వర్గపు సూక్ష్మజీవులు దానిని నైట్రైట్‌గా, మరొక వర్గం నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తాయి. అమ్మోనియా మొప్పలను దెబ్బతీస్తుంది. నైట్రైట్ మొప్పల ద్వారా రక్తంలో చేరి, రక్తవర్ణకాన్ని ప్రాణవాయువును మోయలేని స్థితికి తెస్తుంది. రక్తం గోధుమరంగుకు మారుతుంది. అమెరికాలో చెరువులలో పెంచే క్యాట్‌ఫిష్‌లో ‘గోధుమ రక్తపు జబ్బు’గా పేరుపడినది ఇదే. నైట్రేట్ మాత్రం సాధారణ మోతాదులో చాలా తక్కువ హానికరం.

నత్రీకరణ సజీవచర్య అని 1877లో ఫ్రాన్సులో ష్లోసింగ్, ముంట్జ్ అనే శాస్త్రవేత్తలు ఇసుక గుండా మురుగునీటిని పంపి నిరూపించారు. క్లోరోఫామ్ ఆవిరి తగిలితే ఆ చర్య నిలిచిపోవడం వారికి లభించిన సాక్ష్యం. నైట్రోసోమోనాస్, నైట్రోబాక్టర్ అన్న జంట పేర్లు నేటివరకు పాఠ్యపుస్తకాలలో కొనసాగుతున్నాయి. అయితే 1990లలో హోవానెక్, డిలాంగ్ మంచినీటి అక్వేరియంలను పరిశీలించినప్పుడు నైట్రోబాక్టర్ జాడ దొరకలేదు. నైట్రైట్‌ను మార్చే పని నైట్రోస్పైరా వర్గానిదని తేలింది. 2005లో అమ్మోనియాను ఆక్సీకరించే ఆర్కియాను తొలిసారి శుద్ధవర్ధనంగా పెంచినప్పుడు, దాని మూలం అమెరికాలోని సియాటిల్ నగర అక్వేరియం. 2015లో అమ్మోనియాను నైట్రేట్ వరకు ఒంటరిగా తీసుకుపోగల నైట్రోస్పైరాను రెండు పరిశోధక బృందాలు ప్రకటించాయి. వాటిలో ఒక బృందానికి ఆ జీవి చేపల పెంపకపు వడపోత యంత్రంలో లభించింది. నేల సూక్ష్మజీవశాస్త్రానికి చేపతొట్టి పరాయి విషయం కాదని చెప్పడానికి ఈ ఉదాహరణలు చాలును.

ఈ సూక్ష్మజీవులు నిదానంగా పెరుగుతాయి. ఈ.కోలై వంటిది అనుకూల పరిస్థితులలో ఇరవై నిమిషాలలో రెట్టింపు కాగలదు. నత్రీకరణ సూక్ష్మజీవులకు అర్ధదినం మొదలు ఒక దినానికి పైగా పడుతుంది. అవి నీటిలో తేలుతూ ఉండవు. స్పాంజి, గులకరాయి, మొక్కల వేర్లు వంటి ఉపరితలాలను అంటిపెట్టుకొని ఉంటాయి. కాబట్టి తేటనీరు సిద్ధమైన నీరు కాదు. పశువుల ఎరువు మాగకుండా పొలానికి వేయరాదని, దమ్ము చేసిన మడిని మాగనిచ్చి నాటాలని రైతుకు చెప్పే విస్తరణ భాషలోనే దీనికి తగిన మాట ఉన్నది. తొట్టిని ‘మాగబెట్టడం’ అంటే తెలుగు గృహస్థుకు వివరణ అక్కరలేదు.

లెక్కలో చూస్తే

రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు గల తొట్టిలో రాళ్లు పోగా సుమారు 50 లీటర్ల నీరు పడుతుంది. 40 శాతం మాంసకృత్తులున్న మేతను రోజుకు ఒక గ్రాము వేస్తే అందులో 64 మి.గ్రా. నత్రజని ఉంటుంది. దానిలో సగమే అమ్మోనియాగా వెలువడిందనుకొన్నా, లీటరుకు 0.64 మి.గ్రా. చొప్పున ప్రతిదినం చేరుతుంది. సూక్ష్మజీవులు లేని తొట్టిలో వారానికి అది 4 మి.గ్రా. దాటుతుంది.

ఆ అమ్మోనియా ఎంత విషమన్నది ఉదజని సూచికపై ఆధారపడి ఉంటుంది. 30 డిగ్రీల సెల్సియస్ వద్ద ఉదజని సూచిక 7 అయితే మొత్తం అమ్మోనియాలో విషరూపం ఒక శాతానికి లోపు. 8 అయితే సుమారు 7.5 శాతం, 8.5 అయితే దాదాపు 20 శాతం. అంటే ఒకే మోతాదు వ్యర్థం తటస్థమైన నీటిలో ఓర్చుకోదగినదైనా, క్షారగుణం గల నీటిలో ప్రాణాంతకం కావచ్చును.

నత్రీకరణకు కూడా మూల్యం ఉన్నది. ఒక గ్రాము అమ్మోనియా నత్రజని నైట్రేట్‌గా మారడానికి సుమారు 4.6 గ్రాముల ప్రాణవాయువు, సున్నపురాయి లెక్కన 7.1 గ్రాముల క్షారత ఖర్చవుతాయి. పై తొట్టిలో ఇది నెలకు లీటరుకు దాదాపు 135 మి.గ్రా. క్షారత. నీరు మార్చని పాత తొట్టిలో ఉదజని సూచిక పడిపోవడానికి, సూక్ష్మజీవుల పని మందగించడానికి కారణం ఇదే. అదే సమయంలో వారానికి లీటరుకు సుమారు 20 మి.గ్రా. నైట్రేట్ పేరుకుంటుంది. తాగునీటికి భారత ప్రమాణం 45 మి.గ్రా. అన్నది గుర్తుంచుకొంటే, మూడవ వారానికి తొట్టి ఆ హద్దు దాటుతుంది. వారానికి నాలుగవ వంతు నుండి మూడవ వంతు వరకు నీరు మార్చాలనే సలహా ఈ లెక్కల నుండి వచ్చినదే. రోజుకు ఒక గ్రాము మేత అంత చిన్న తొట్టికి ఎక్కువని కూడా ఇవే లెక్కలు చెబుతున్నాయి.

సికింద్రాబాదు నీరు, సికింద్రాబాదు ఎండ

నగరంలోని కుళాయికి మంజీర, సింగూరు, కృష్ణా, గోదావరి వనరుల నుండి నీరు వస్తుంది. క్రిమిసంహారం కోసం అందులో క్లోరిన్ కలుపుతారు. కుళాయి వద్ద లీటరుకు కనీసం 0.2 మి.గ్రా. శేష క్లోరిన్ ఉండాలన్నది ప్రమాణం. మనిషికి రక్షణ ఇచ్చే ఈ క్లోరిన్ చేప మొప్పలకు, నత్రీకరణ సూక్ష్మజీవులకు హాని చేస్తుంది. నీటిని వెడల్పాటి పాత్రలో గాలిపంపుతో ఒక దినం ఉంచడం గాని, హైపోగా పిలిచే సోడియం థయోసల్ఫేట్‌ను ఒక వంతు క్లోరిన్‌కు ఏడు వంతుల చొప్పున కలపడం గాని అవసరం. స్పాంజిని కుళాయి కింద కడగడం మరొక పొరపాటు. రైజోబియం పట్టించిన విత్తనాన్ని ఎండలో ఆరబెట్టవద్దని రైతుకు చెప్పే కారణమే దీనికీ వర్తిస్తుంది: కంటికి కనిపించని పనివారిని చేజేతులా చంపరాదు. స్పాంజిని తొట్టి నుండి తీసిన నీటిలోనే పిండాలి.

అపార్టుమెంట్లలో బోరునీరు కూడా విరివిగా వాడతారు. దక్కను గ్రానైటు శిలల మధ్య నుండి వచ్చే ఈ నీరు సాధారణంగా కఠినజలం, క్షారస్వభావం కలది. క్లోరిన్ బెడద లేకపోయినా, అమ్మోనియా విషరూపం ఇక్కడ ఎక్కువ. కొన్ని బోర్లలో నైట్రేట్ ముందుగానే ఉంటుంది. కాబట్టి నీటి పరీక్ష లేకుండా చేపల జాబితా ఇవ్వడం, భూసార పరీక్ష లేకుండా ఎరువుల సిఫారసు ఇవ్వడంతో సమానం.

ఇక ఎండ. విదేశీ పుస్తకాలు హీటరు గురించి చెప్పినంతగా వేడిమి గురించి చెప్పవు. సికింద్రాబాదులో సమస్య చలికాలం కంటె వేసవిలోనే ఎక్కువ. 20 డిగ్రీల వద్ద లీటరు నీటిలో సుమారు 9 మి.గ్రా. ప్రాణవాయువు ఇమిడితే, 30 డిగ్రీల వద్ద 7.5 మి.గ్రా. మాత్రమే ఇముడుతుంది. రోహిణి కార్తె ఎండలలో విద్యుత్తు ఆగి గాలిపంపు నిలిచిపోతే చేపలతోపాటు వడపోతలోని సూక్ష్మజీవులు కూడా ఊపిరాడక నశిస్తాయి. బ్యాటరీతో నడిచే చిన్న గాలిపంపు, నీటి ఉపరితలంపై గాలి వీచే చిన్న ఫ్యాను ఇక్కడ హీటరు కంటె అవసరమైన వస్తువులు.

అయితే వేడిమి ఒక మేలు కూడా చేస్తుంది. నత్రీకరణ సూక్ష్మజీవులు 25 నుండి 30 డిగ్రీల మధ్య చురుకుగా పెరుగుతాయి. చేపలు లేని తొట్టికి ఎండతో భయం లేదు. కృత్తిక కార్తెలో, అంటే మే రెండవ వారంలో, నీరు నింపి మాగబెట్టడం మొదలుపెడితే, రోహిణి ఎండలు సూక్ష్మజీవులకు తోడ్పడతాయి. ఆరుద్ర ప్రవేశించేనాటికి, అంటే జూన్ నాలుగవ వారానికి, నీరు చల్లబడి తొట్టి సిద్ధమవుతుంది. కార్తెలను బట్టి సాగు పనులను చెప్పే అలవాటు గల విస్తరణ వ్యవస్థకు ఇది సహజమైన పంచాంగం.

మాగబెట్టే విధానం

చేపలు లేకుండా మాగబెట్టడమే ఉత్తమం. క్లోరిన్ తొలగించిన నీటిని నింపి, వడపోత, గాలిపంపు నిరంతరం నడపాలి. లీటరుకు 2 మి.గ్రా. అమ్మోనియా నత్రజని లభించేలా ప్రయోగశాల నాణ్యత గల అమ్మోనియం క్లోరైడ్ కలపాలి. 50 లీటర్లకు సుమారు 380 మి.గ్రా. సరిపోతుంది. ఎరువుల దుకాణంలోని సరుకు ఇందుకు తగదు. మోతాదు పెంచితే వేగం పెరుగుతుందనుకోవడం పొరపాటు; స్వేచ్ఛా అమ్మోనియా మితిమీరితే నైట్రైట్‌ను మార్చే వర్గం అణగిపోతుంది. పరీక్ష కిట్టు ఫలితాన్ని అమ్మోనియాగా చూపుతున్నదో, అమ్మోనియా నత్రజనిగా చూపుతున్నదో గమనించాలి, 1 మి.గ్రా. నత్రజని 1.2 మి.గ్రా. అమ్మోనియాకు సమానం.

ఆరోగ్యకరమైన పాత తొట్టి నుండి గుప్పెడు గులకరాళ్లు గాని, వాడుకలో ఉన్న స్పాంజి ముక్క గాని తెచ్చి వేస్తే గడువు బాగా తగ్గుతుంది. చిక్కుడుజాతి పంట బాగా పండిన చేని మట్టిని కొత్త చేనిలో చల్లే పాత పద్ధతి వంటిదే ఇది. సీసాలలో అమ్మే సూక్ష్మజీవుల ద్రావణాలు కొన్ని పనిచేస్తాయి, కొన్ని పనిచేయవు. జీవన ఎరువుల విషయంలో వలెనే నిల్వ, రవాణాలలోని వేడి వాటి శక్తిని హరిస్తుంది. సీసా మీది మాటను కాక పరీక్ష ఫలితాన్నే నమ్మాలి.

రెండు మూడు రోజులకొకసారి పరీక్షిస్తూ ఉంటే మొదట అమ్మోనియా తగ్గి నైట్రైట్ పెరుగుతుంది. ఆపైన నైట్రైట్ తగ్గి నైట్రేట్ కనిపిస్తుంది. అమ్మోనియా తగ్గినప్పుడల్లా తిరిగి అదే మోతాదు వేయాలి. ఉదజని సూచిక పడిపోతే కొంత నీరు మార్చడమో, చిటికెడు వంటసోడా కలపడమో చేయాలి. సాధారణంగా నాలుగు నుండి ఆరు వారాలు పడుతుంది. లీటరుకు 2 మి.గ్రా. అమ్మోనియా నత్రజని ఒక్క దినంలో మాయమై, నైట్రైట్ కూడా సున్నాకు చేరిననాడు తొట్టి మాగినట్లు. అప్పుడు సగానికి పైగా నీరు మార్చి, చేపలను విడవాలి.

ఇప్పటికే చేపలు కొన్నవారికి చెప్పవలసినది వేరు. మేతను బాగా తగ్గించి, ప్రతిదినం కొంత నీరు మార్చాలి. నైట్రైట్ కనిపిస్తే పది లీటర్లకు ఒక గ్రాము ఉప్పు కలపడం మేలు చేస్తుంది. ఉప్పులోని క్లోరైడ్ మొప్పల వద్ద నైట్రైట్‌కు పోటీవచ్చి దాని ప్రవేశాన్ని అడ్డుకొంటుంది.

మీసాల చేప పారిశుధ్య కార్మికుడు కాదు

క్యాట్‌ఫిష్‌లు అడుగున తిరుగుతూ మిగిలిన మేతను తింటాయి. ఈ అలవాటును బట్టి అవి మురికిని తింటాయన్న నమ్మకం ఏర్పడింది. ఏ చేపా నత్రజనిని మాయం చేయదు. తిన్న మేతలో కొంత కండగా మారగా, మిగిలినది తిరిగి అమ్మోనియాగానో, మలంగానో నీటిలోకే వస్తుంది. శుభ్రత కోసం మరొక చేపను చేర్చడమంటే శుభ్రం చేయవలసిన భారాన్ని పెంచడమే. ఆ పని సూక్ష్మజీవులది, మొక్కలది, నీరు మార్చే మనిషిది.

కాబట్టి క్యాట్‌ఫిష్‌ను ఎంచుకొనేటప్పుడు అడగవలసిన ప్రశ్నలు నాలుగు. పూర్తిగా పెరిగినప్పుడు ఎంత పొడవుంటుంది? గుంపుగా బ్రతుకుతుందా, ఒంటరిగానా? తోటి చేపలను తింటుందా? ఇంటి నీటికి, ఇంటి వేడిమికి తట్టుకుంటుందా? దుకాణంలో కనిపించే రెండు అంగుళాల పొడవు వీటిలో ఏ ప్రశ్నకూ సమాధానం కాదు.

చిన్న తొట్టికి తగినవి దక్షిణ అమెరికాకు చెందిన కోరిడోరాస్ జాతులు. ఇవి సాధారణంగా 3 నుండి 7 సెంటీమీటర్లకు మించవు; శాంత స్వభావం కలవి. ఆరుకు తగ్గకుండా ఒకే జాతివి ఉంచాలి. గుంపును ఒకేసారి విడవవలసి రావడమే తొట్టి ముందుగా మాగి ఉండవలసిన మరొక కారణం. వీటి మీసాలు సున్నితం కాబట్టి పదునైన రాళ్లకు బదులు సన్నని ఇసుక పరచాలి. అప్పుడప్పుడు పైకి దూసుకువచ్చి గాలి మింగడం వీటి సహజ లక్షణం. పేగు ద్వారా కొంత ప్రాణవాయువును గ్రహిస్తాయి. పదేపదే అలా వస్తుంటే మాత్రం నీటిని పరీక్షించాలి. ఎక్కువ జాతులు 22 నుండి 26 డిగ్రీలను ఇష్టపడతాయి. కోరిడోరాస్ స్టెర్బై కొంత ఎక్కువ వేడిని తట్టుకొంటుంది గనుక సికింద్రాబాదు ఇళ్లకు అది అనువైనది. చల్లని నీటిని కోరే కోరిడోరాస్ పేలియేటస్ ఇక్కడి వేసవికి తగదు.

పాచిని తినే ఓటోసింక్లస్ 4, 5 సెంటీమీటర్ల చిన్న చేప. కొత్త తొట్టిలో దానికి కావలసిన పాచి ఉండదు, ఆకలితో చనిపోతుంది. కొన్ని నెలలు నడిచిన తొట్టిలోనే విడవాలి. గాజు క్యాట్‌ఫిష్‌గా పేరొందిన క్రిప్టోప్టెరస్ కూడా గుంపుగా, నిలకడైన నీటిలోనే మనగలదు. ముక్కు మీద కుచ్చులుండే యాన్సిస్ట్రస్ 12 నుండి 15 సెంటీమీటర్లు పెరుగుతుంది; వంద లీటర్లకు పైబడిన తొట్టి, కొరకడానికి చెక్కమొద్దు ఉండాలి. వీటిలో ఏదైనా పాచి, మిగులు మేత మీదనే బ్రతకదు; అడుగుకు చేరే గుళికల మేత విడిగా ఇవ్వాలి. ముళ్లు వలకు చిక్కుకుంటాయి గనుక చిన్న పాత్రతో పట్టడం మంచిది.

తోటి చేపలుగా కఠినజలంలో గప్పీలు, ప్లాటీలు. మెత్తని నీటిలో చిన్న టెట్రాలు, రాస్బోరాలు తగినవి. 50 లీటర్లకు ఆరు కోరిడోరాస్, ఆరేడు చిన్న చేపలు చాలు. గోల్డ్‌ఫిష్ వ్యర్థం ఎక్కువ విడుస్తుంది. ఫ్లవర్‌హార్న్ తోటి చేపను బ్రతకనివ్వదు. స్థానికమైన జెల్లలు చూడడానికి అందమైనవే అయినా రాత్రివేళ చిన్న చేపలను తింటాయి. సింఘీ ముల్లులో విషం ఉంటుంది.

చిన్న తొట్టికి ఎన్నటికీ తగనివి మూడు. ‘షార్క్’ పేరుతో అమ్మే పంగాసియస్ నిజానికి కృష్ణా, పశ్చిమ గోదావరి జిల్లాల చెరువులలో ఆహారం కోసం పెంచే చేపే. చెరువులో ఏడాది తిరగకుండానే కిలో బరువు దాటుతుంది. ఎర్రతోక క్యాట్‌ఫిష్ మీటరు పొడవును మించగలదు. మూడవది సక్కర్ చేప. ఇది 40 నుండి 50 సెంటీమీటర్ల వరకు పెరుగుతుంది. ఈ మూడవదే తొట్టి దాటి రాష్ట్రాల సమస్యగా మారింది.

తొట్టి దాటిన చేప

రెండు అంగుళాల సక్కర్ చేప ఏడాది, రెండేళ్లలో తొట్టికి పెద్దదవుతుంది. చంపడానికి మనసొప్పదు; అమ్మిన దుకాణం సాధారణంగా వెనక్కు తీసుకోదు. దగ్గరలో చెరువు ఉంటుంది. హుస్సేన్‌సాగర్‌కు, సఫిల్‌గూడ చెరువుకు, రామకృష్ణాపురం చెరువుకు చేరువలో లక్షలాది గృహాలున్న నగరమిది. ప్రాణాన్ని నీటిలో విడవడం పుణ్యమన్న భావన కూడా తోడవుతుంది. ఉద్దేశం కరుణే అయినా ఫలితం వేరు.

టెరిగోప్లిక్తిస్ ప్రజాతికి చెందిన ఈ చేపకు ఒంటినిండా గట్టి పలకల కవచం, వాడియైన ముళ్లు ఉంటాయి. ప్రాణవాయువు తక్కువైన మురుగునీటిలో కూడా గాలిని మింగి బ్రతుకుతుంది. గట్లలో బొరియలు తవ్వి గుడ్లు పెడుతుంది. స్థానిక చేపల ఆహారాన్ని తగ్గిస్తుంది, వలలను చింపుతుంది, బజారులో ధర పలకదు. హైదరాబాదులోని కణ, అణు జీవశాస్త్ర కేంద్రానికి చెందిన లాకోన్స్ ప్రయోగశాల శాస్త్రవేత్తలు నీటిలోని డి.ఎన్.ఎ. జాడల ఆధారంగా తూర్పు కనుమల జలాశయాలలో ఈ చేప విస్తరించినట్లు గుర్తించారు. అలంకారం కోసం ఖండాలు దాటి వచ్చిన జీవి ఇప్పుడు జాలరి వలకు నష్టం కలిగిస్తున్నది.

వ్యవసాయ విద్యార్థులకు ఈ కథ కొత్తది కాదు. కలుపు శాస్త్రంలో మొదట చదివే గుర్రపుడెక్క కూడా పూల అందం కోసమే భారతదేశానికి వచ్చింది. చెరువులను, కాలువలను కప్పివేసిన తరువాత దాని తొలగింపునకు ఎంత ఖర్చయినా అది తొలగలేదు. సక్కర్ చేప నీటి అడుగున ఉన్న గుర్రపుడెక్క. పైకి కనిపించదు గనుక ఇంకా ఆలస్యంగా తెలుస్తుంది.

విస్తరణ వ్యవస్థ చేయవలసినది

అక్వేరియం సంపన్నుల వినోదమని, రైతు సమస్యలే తీరని స్థితిలో విస్తరణ వ్యవస్థకు ఇది తగని పని అని ఒక అభ్యంతరం రావచ్చును. అభ్యంతరంలో న్యాయం ఉన్నది. విస్తరణ సిబ్బంది కొరత వాస్తవం. కాని నగరపు తొట్టిలో తీసుకొన్న నిర్ణయపు మూల్యాన్ని చివరకు చెల్లించేది గ్రామీణ జాలరి అన్నది గమనించాలి. పైగా 2020లో ఆరంభమైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన అలంకార చేపల పెంపకానికి సహాయం అందిస్తున్నది. జాతీయ మత్స్య అభివృద్ధి మండలి చేప ఆకారపు భవనం రాజేంద్రనగర్‌లో వ్యవసాయ విశ్వవిద్యాలయానికి సమీపంలోనే ఉన్నది. ఉత్పత్తిని ప్రోత్సహించి, వినియోగదారునికి జ్ఞానం ఇవ్వకపోతే ఆ ప్రోత్సాహం సగం పనే.

చట్టమే చాలుననే వాదం కూడా నిలవదు. 2017లో కేంద్ర ప్రభుత్వం అక్వేరియం దుకాణాలపై నియమాలను ప్రకటించి, తరువాత ఉపసంహరించుకొన్నది. ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ సాగు నిషేధంలో ఉన్నా దొంగచాటు సాగు వార్తలు ఆగలేదు. కొనేవాని అవగాహన మారకుండా అమ్మేవాని అలవాటు మారదు.

చేయదగిన పనులు పెద్ద ఖర్చుతో కూడినవి కావు. భూసార, సాగునీటి పరీక్షలు జరిపే ప్రయోగశాలలు ఉదజని సూచిక, క్షారత, నైట్రేట్ ఫలితాలను నామమాత్రపు రుసుముతో నగరవాసులకు ఇవ్వవచ్చును. ఏరువాక కేంద్రాలు, కృషి విజ్ఞాన కేంద్రాలు ఒక పుట కరపత్రాన్ని దుకాణదారుల ద్వారానే పంచవచ్చును. తొట్టి ఈ వారం, చేప ఆరు వారాల తరువాత అన్న పద్ధతిలో అమ్మే వ్యాపారికి నష్టం లేదు. చేపలు బ్రతికిన కొనుగోలుదారుడే మళ్లీ దుకాణానికి వస్తాడు. ప్రతి చేప తొట్టి మీద పెరిగిన తరువాతి పొడవు రాసిన చీటీ, పెరిగిన చేపను వెనక్కు తీసుకొనే ఏర్పాటు ఉంటే సక్కర్ చేప చెరువు దారి పట్టదు. ఈ ఏర్పాట్లకు పెబ్బేరు మత్స్య కళాశాల జ్ఞానం, సస్యశాస్త్ర విభాగాల నత్రజని జ్ఞానం ఒకచోట కలవాలి.

బోధనలో కూడా దీనికి స్థానం ఉన్నది. మడిలో నత్రీకరణను విద్యార్థి కంటితో చూడలేడు. ప్రయోగశాల మూలన ఉంచిన 50 లీటర్ల తొట్టిలో అమ్మోనియా పడిపోవడం, నైట్రైట్ లేచి తగ్గడం, నైట్రేట్ పేరుకోవడం ఆరు వారాలలో తన చేతి పరీక్షలతోనే తెలుసుకోగలడు. ఒక తొట్టిలో వేపగింజల కషాయం కలిపి, మరొకదానిలో కలపక పోల్చితే వేపపూత యూరియా పాఠం అక్కడే పూర్తవుతుంది. చేపలు దించకముందే ఆ పాఠం ముగుస్తుంది గనుక ఏ ప్రాణికీ హాని లేదు.

చిన్న నీటిని శ్రద్ధగా పరిశీలించడం సికింద్రాబాదుకు కొత్త కాదు. 1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్ ఇక్కడే దోమ పొట్టలో మలేరియా పరాన్నజీవిని గుర్తించాడు. నిలిచిన నీరు ఇంటి గడప దాటి సమాజాన్ని ఎలా తాకుతుందో ఈ ఊరు ప్రపంచానికి చూపింది. గాజుతొట్టిలోని నీరు కూడా అటువంటిదే. సూక్ష్మజీవి స్థిరపడేదాకా ఆగడం, పెరిగిన పరిమాణాన్ని చూసి చేపను ఎంచుకోవడం, ఏ చేపనూ చెరువులో వదలకపోవడం అన్న మూడు మాటలు ప్రతి కొనుగోలుదారునికి దుకాణం గడప వద్దనే అందాలి. వాటిని అందించే జ్ఞానం, భాష, యంత్రాంగం మూడూ వ్యవసాయ విస్తరణ వ్యవస్థ వద్ద ఇప్పటికే ఉన్నాయి.